అల్లుడు తవ్వాల్సిన గొయ్యి

ఐదో చొక్కా ఇస్త్రీ చేస్తుండగా ముచనేటాకి తను చంపిన మనిషికి ఇంకా పేరు పెట్టలేదన్న సంగతి గుర్తొచ్చింది.

చంపడమంటే కత్తీ గొడ్డలీ పట్టుకుని కాదు. నిన్న సాయంత్రం భర్త ముందు మొక్కజొన్న పిండితో చేసిన సడ్జా పళ్ళెం పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులూ దొప్పలా చేసి మెల్లగా చరిచి, "హ్వాంగే నుంచి కబురొచ్చింది. మా నాన్న చిన్న మేనత్త పోయింది" అంది. ఆ మేనత్త అసలు పుట్టనే లేదు గనక పోవడానికి పెద్దగా అవస్థ పడలేదు. ఆయన ముద్ద చిదిమి కూరలో అద్దుకుంటూనే, "ఎప్పుడొస్తావ్?" అన్నాడు. ఎలా పోయిందని అడగలేదు, ఎవరని అడగలేదు. సోమవారం నుంచి రైల్వే ఆఫీసులో పెద్దవాళ్ళు తనిఖీకి వస్తున్నారట. వారానికి సరిపడా చొక్కాలు సర్దేసి వెళ్ళమన్నాడు. "అక్కడ వంట దగ్గర వెనకపడకు. నా పేరు పోతుంది" అని కూడా అన్నాడు.

ఇరవై మూడేళ్ళ కాపురంలో ముచనేటా బస్సెక్కిందంటే ఎక్కడో ఎవరో పోయారన్నమాటే. గుటులో మామగారి తమ్ముడు పోయినప్పుడు మూడు రోజులు పొయ్యి దగ్గరే ఉంది. మస్వింగోలో తోడికోడలి తల్లి, చివులో ఆయన చిన్నాన్న, కడోమాలో ఎవరో, ఇప్పుడా ఎవరో కూడా గుర్తులేదు, నాలుగు అడుగుల గరిటెతో తిప్పిన జావ మాత్రం గుర్తుంది. కోడలిగా పుట్టాక చావింట్లో ఏడవడానికి కూడా తీరిక ఉండదు, పొగకి వచ్చిన కన్నీళ్ళే ఏడుపు లెక్కలోకి వస్తాయి. దేశం సగం తిరిగిందామె. చూసింది మాత్రం పెరటి గోడలు. తనకోసం తను ఎక్కడికైనా వెళ్తానంటే పంపేవాళ్ళు లేరు. ఒక మనిషి చస్తేగాని ఆడది గడప దాటని ఇంట్లో, ఆమె కూడా చివరికి ఆ దారే పట్టింది.

వెళ్తున్నది చావుకి కాదు, పనికి. 

తాముండే గ్వేరులో బడి యూనిఫారాలు కుట్టే షెడ్డులో ఆమె తొమ్మిదేళ్ళ కిందట కాజాలు కుట్టడానికి చేరింది. ఓ రోజు మిషను ఆగితే, మెకానిక్ గోండో సాయంత్రం దాకా రాడని తెలిసి, తనే విప్పింది. లోపల చూస్తే అంతా అర్థమైపోయింది, ఎవరో ఎప్పుడో చెప్పి మరిచిపోయిన విషయంలా. అప్పట్నుంచి ఏ మిషను మొరాయించినా ఆమే. జీతం మాత్రం కాజాలదే. యజమాని వచ్చే రోజున గోండో ఆమె చేతిలోంచి స్క్రూడ్రైవర్ తీసుకుని తన జేబులో గుచ్చుకునేవాడు, ఆయన కారు గేటు దాటాక తిరిగి ఇచ్చేవాడు. ఇంట్లో చెబితే భర్త, "మిషన్లు బాగుచేసే ఆడది నా పెళ్ళామని తెలిస్తే ఆఫీసులో నవ్వుతారు, ఎక్కడా అనకు" అన్నాడు. అనలేదామె.

కిందటి చలికాలంలో నది అవతలి దేశంలో ఉన్న లివింగ్‌స్టన్ నుంచి ముతింటా అనే ఆవిడ పాత మిషను కొనడానికి షెడ్డుకొచ్చింది. గోండో బేరం చెబుతుంటే ఆవిడ చూపంతా మూల కూర్చుని షటిల్ సరిచేస్తున్న ముచనేటా వేళ్ళ మీదే ఉంది. వెళ్ళేముందు నీళ్ళకుండీ దగ్గర కలిసి ఫోన్ నంబరు ఇచ్చింది. పోయిన వారం ఆవిడే ఫోన్ చేసింది. పదిహేడు మిషన్లు, అందులో పదకొండు పడుకున్నాయి, ఆరు వారాల పని, నచ్చితే ఉండిపోవచ్చు, కానీ ఆదివారం సాయంత్రానికల్లా రావాలి, రాకపోతే ఇంకొకర్ని చూసుకోక తప్పదు అంది. "మెకానిక్కుగానే తీసుకుంటున్నా, కుట్టుపనికి కాదు" అని రెండుసార్లు చెప్పింది.

భర్తని ఒకే ఒక్కసారి, అదీ ఎవరి సంగతో అన్నట్టు అడిగి చూసింది. ఆయన నవ్వాడు. నది దాటే ఆడవాళ్ళు ఎలాంటివాళ్ళో తనకి తెలుసన్నాడు. తన మాట కాదని వెళితే ఎక్కడున్నా ఈడ్చుకొస్తానన్నాడు. అది ఉత్తమాట కాదు. పెళ్ళైన ఆరో ఏట చెప్పకుండా పుట్టింటికి వెళితే, ఆయనా ఆయన అక్క ఎస్తేరీ కారేసుకుని వచ్చి, మూటతో సహా ఆమెని వెనక సీట్లోకి తోసి తలుపేశారు. ఆ తలుపులో పడిన చిటికెన వేలు ఇప్పటికీ సరిగా వంగదు. చూసుకోలేదన్నాడు. వదిన ఎస్తేరీ అయితే, "చిహేరా కదూ, నోరు నొక్కలేకపోతే వేలైనా నొక్కాలి" అని నవ్వింది. ఈలండ్ జింక గోత్రంలో పుట్టిన ఆడవాళ్ళని చిహేరా అంటారు, వాళ్ళకి నోరెక్కువనీ మొగుణ్ణి కొంగుకి కట్టేసుకుంటారనీ ఊరూరా సామెతే ఉంది. ఆ గోత్రానికి మచ్చ తెచ్చినది ఎవరైనా ఉంటే ముచనేటాయే. ఆమె భర్త పేరు కూడా ఎప్పుడూ నోటితో అనలేదు, కొడుకు పేరు పెట్టి 'టోండె నాన్న' అనేది. పాస్‌పోర్టు ఆఫీసులో గుమాస్తా భర్త పేరు చెప్పమంటే, కలం అడిగి తీసుకుని 'జెఫన్యా' అని రాసిచ్చింది.

ఏడో చొక్కా మడత పెట్టేసరికి తెల్లవారింది. నల్ల గుడ్డ నడుముకి చుట్టి, తలకి రుమాలు కట్టుకుని, చావుకి వెళ్ళే మనిషిలా బయల్దేరింది. సంచి అడుగున తువ్వాల్లో చుట్టిన స్క్రూడ్రైవర్లు, దాని కింద పాస్‌పోర్టు.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ఊరు దాటేదాకా తల దించుకునే కూర్చుంది. ఎవరైనా చూస్తారని భయం, ఎవరూ చూడకుండానే ఏదైనా అయిపోతుందని ఇంకో భయం. కండక్టరు ఆమె బట్టలు చూసి టోపీ తీశాడు. ఎదురు సీటు ముసలాయన "అయ్యో తల్లీ" అన్నాడు. వాళ్ళ జాలి ఆమెకి దొంగసొమ్ములా చేతిలో బరువెక్కింది.

బులవాయోలో పక్క సీట్లోకి ఒకావిడ వచ్చింది. అరవై దాటి ఉంటాయి, భారీ మనిషి, మూడు మూటలూ ఒక నారింజపళ్ళ వల సంచీ. కూర్చోగానే ముచనేటా దుస్తులు చూసి, పరామర్శగా చేతులు చరిచి, ఒక డాలరు నోటు మడిచి ఆమె చేతిలో పెట్టింది, చావింటికి ఉత్తచేతులతో మాట పంపకూడదు కదా. వద్దనలేదు ముచనేటా, వద్దంటే అనుమానం. ఆవిడని మాయి రుంబి అంటారట, రుంబి వాళ్ళమ్మ. ఎక్కడి పిల్లవి, ఎవరింటి కోడలివి అని అడిగింది. ఈ దేశంలో పక్కసీటు మనిషి మొదట అడిగేదే అది, గోత్రం తెలిస్తేగాని వరసలు కుదరవు, వరసలు కుదిరితేగాని మాట సాగదు. గుటులో సింహ గోత్రం వాళ్ళ కోడలినని చెప్పింది ముచనేటా.

"నేనూ సింహమేనే," అంది మాయి రుంబి. "అయితే నువ్వు మా ఇంటి కోడలివి. నేను నీ ఆడపడుచుని."

 ఇంత పెద్ద బస్సులో, ఇన్ని గోత్రాల్లో, పక్కన వచ్చి కూర్చున్నది మొగుడి వాళ్ళే అవ్వాలా. కానీ భయం కన్నా ముందు ఒళ్ళు పనిచేసింది. సీటుకీ సీటుకీ మధ్య ఉన్న జానెడు జాగాలోనే మోకాళ్ళు వంచి దండం పెట్టింది. ఆవిడ మూటలు పైకెక్కించింది. కిటికీ పక్క చోటు ఇచ్చేసి తను నడవ పక్కకి జరిగింది. ఎండ పడుతుంటే తన రుమాలు విప్పి అద్దానికి అడ్డం పెట్టింది. బస్సు ఆగిన చోటల్లా దిగి టీ, ఉడికించిన గుడ్లు తెచ్చింది. ఆవిడ వల సంచిలోంచి నారింజ తీస్తే చాలు, అందుకుని, తొక్క తీసి, నార తీసి, తొనలు విడదీసి అరచేతిలో పెట్టేది. వంగని చిటికెన వేలు పక్కకి నిలబడి చూస్తూ ఉండేది. ఎస్తేరీకి ఇరవై మూడేళ్ళుగా ఇలాగే వొలిచింది. కొత్తగా నేర్చుకోవాల్సిందేమీ లేదు.

మాయి రుంబి నోరు మాత్రం ఆగేది కాదు. పాతికేళ్ళుగా ఒంటరిగా ఎక్కని బస్సు, దాటని సరిహద్దు లేదట. దుప్పట్లు, ఎండు చేపలు, లేసు బల్లగుడ్డలు, ఎక్కడ ఏది దొరకదో అక్కడికి అది మోసుకెళ్ళడమే బతుకు. లుసాకాలో ఒక చెల్లెలుంది, మౌన్‌లో ఇద్దరు కూతుళ్ళు, బెయిరాలో అక్క, బ్లాంటైర్‌లో ఒక మనవరాలు, ఆ పిల్ల పెళ్ళికి తను లేకపోతే ముహూర్తమే మార్చారు. ఎంత పెద్ద కుటుంబమో అనుకుంది ముచనేటా. అంత కుటుంబంలో ఒక్కరికి తెలిసినా చాలు, సాయంత్రానికి గుటులో తెలుస్తుంది. ఆవిడ ఫోను చేతిలోకి తీసినప్పుడల్లా ముచనేటా సంచిని దగ్గరికి లాక్కునేది. ఒకసారి ఆవిడ ఎవరికో, "బస్సులో మంచి కోడలు దొరికింది నాకు" అని చెబుతుంటే, దిగిపోదామా, ఎక్కడో ఒక చోట దిగి అడవిలోకి నడిచిపోదామా అనిపించింది. పోయినావిడ పేరేమిటని ఆవిడ అడుగుతుందేమోనని ఎదురుచూసింది. ఆవిడ అడగలేదు.

లుపానే దాటాక బస్సు ఆగింది. ఏనుగులు. పది పన్నెండు ఉంటాయి, పిల్లలతో సహా, రోడ్డు మీద తీరిగ్గా నిలబడ్డాయి. డ్రైవరు ఇంజను ఆపేసి టోపీ మొహం మీదికి లాక్కున్నాడు. జనం విసుక్కున్నారు. సరిగ్గా అప్పుడే ముచనేటా ఫోను మోగింది.

ఆయన గొంతు పక్క సీట్ల దాకా వినిపించేంత పెద్దది, ఎప్పుడూ అంతే.

"ఎక్కడిదాకా వచ్చావ్? మేం లుపానేలో ఉన్నాం. అక్క వాళ్ళబ్బాయి కారు. హ్వాంగేలో ఏ ఇల్లు?"

ఆమెకి మొదట అర్థం కాలేదు. ఆయనే చెప్పాడు. పొద్దున్నే ఎస్తేరీ వచ్చి చివాట్లు పెట్టిందట. పెళ్ళాం తరఫు పెద్దమనిషి పోతే అల్లుడు పార పట్టుకోకుండా ఇంట్లో కూర్చుంటాడా, గొయ్యి తవ్వాల్సింది అల్లుడు కాదా, రేపు ఆ ఈలండ్ వాళ్ళు మనింటి మీద పాట కట్టరా అందట. అందుకని డిక్కీలో పార వేసుకుని, మేకని కూడా కట్టేసుకుని వస్తున్నారు. "మీ బస్సు కనపడితే నిన్నూ ఎక్కించుకుంటాం" అన్నాడు.

అల్లుడు. అల్లుడు అన్నవాడు ఒకడుంటాడన్న సంగతే ఆమె మరిచింది. చావంటే ఆమెకి ఇన్నేళ్ళూ పొయ్యి, పొగ, గరిటె. చావులో మగవాడి వంతు పని కూడా ఒకటుంటుందని, పుట్టింటి వైపు మనిషిని చంపితే గొయ్యి తవ్వడానికి మొగుడు రావాలని, ఊళ్ళో చిన్నపిల్లని అడిగినా చెప్పే విషయం. అత్తింటి వైపు మనిషిని చంపితే ఆయనకి తెలిసిపోతుందని తెలివిగా పుట్టింటి వైపు చంపింది. తెలివి ఏడ్చినట్టే ఉంది. ఆయన పార ఎన్నడూ పట్టలేదు. ఆమె మేనమామ పోతే కడుపునొప్పి అన్నాడు. ఇవాళే పట్టాలా?

వెనక్కి తిరిగి చూసింది. రోడ్డు ఖాళీగా ఉంది, ఎంతసేపు ఉంటుందో. ముందు ఏనుగులు. కారు అరగంటలో వస్తుంది. తలుపు తెరుచుకుంటుంది, ఎస్తేరీ దిగుతుంది, సంచి లాగుతుంది, స్క్రూడ్రైవర్లు రోడ్డు మీద పడతాయి, పాస్‌పోర్టు పడుతుంది. తర్వాత వెనక సీటు, తర్వాత తలుపు. ఆమె చెయ్యి తనంతట తనే పిడికిలి బిగించి వేళ్ళని దాచుకుంది. "వినపడుతోందా?" అంటున్నాడాయన. 

మాయి రుంబి ఆమె చెవి దగ్గరికి వంగింది. "ఎవరూ పోలేదు కదూ?" అంది గుసగుసగా.

అయిపోయింది అనుకుంది ముచనేటా. ఆడపడుచుకి తెలిసిపోయింది. ఇంక దాచడానికి ఓపిక లేక తల అడ్డంగా ఊపింది.

ఆవిడ ఫోను లాక్కుంది. గొంతు సవరించుకుంది. వచ్చిన గొంతు ఇందాకటి నుంచి వాగుతున్న గొంతు కాదు, ఇరవై ఏళ్ళు పెద్దదైన, నెమ్మదైన, తడి గొంతు.

"అల్లుడేనా? నేను నాయనా, పోయినదానికి అక్కని. ఈలండ్ ఇంటి పెద్దదాన్ని. నీకు అత్త వరస అవుతాను."

ముచనేటా ఆవిడ మొహం వంక చూసింది. ఈలండా? పొద్దున్న సింహం కదా?

 ఫోనులోంచి చప్పట్లు వినిపించాయి, దొప్ప చేతుల చప్పట్లు, మెల్లగా, వినయంగా. అత్తగారు పలికితే ఎంత మొనగాడైన అల్లుడైనా ముందు చెయ్యాల్సింది అదే. ఎస్తేరీకి కూడా ఆ గొంతు మీద అధికారం లేదు. మాయి రుంబి తొందరపడలేదు. చప్పట్లు అయ్యేదాకా ఆగింది. ఎండలకి శవం ఆగలేదనీ, తెల్లారుతూనే పూడ్చేశామనీ చెప్పింది. ఆయన గొణిగాడు, అయ్యో, పార తెచ్చానే, మేకని తెచ్చానే అని.

"తెచ్చావు నాయనా, అది నీ పెద్దమనసు. కానీ మట్టి కప్పాక అల్లుడు గడపలోకి వస్తే పోయినావిడ లేచి మర్యాద చెయ్యాల్సొస్తుంది. ఇప్పుడే కదా పడుకుంది పాపం. వెనక్కి తిరుగు. మా పిల్ల కొన్నాళ్ళు నా దగ్గరుంటుంది."

అలాంటి ఆచారం ఎక్కడా లేదు. ముచనేటాకి తెలుసు, ఆయనకీ తెలుసు, కానీ అత్తగారిని లేదనగలిగిన అల్లుడు ఇంకా పుట్టలేదు. ఆయన ఏదో అనబోతుంటే మాయి రుంబి సింహ గోత్రపు పొగడ్త అందుకుంది. ఆయన తాతముత్తాతల్ని, వాళ్ళ కొండల్ని, వాళ్ళ గర్జనల్ని, ఎక్కడా తడుముకోకుండా, జోలపాటలా. అప్పుడే వెనక సీట్లో ఎవరో ముసలావిడ, ఎవరూ చెప్పకుండానే, సన్నగా శోకం తీసింది. ఆమె పక్కనున్న పిల్లతల్లి కలిసింది. తర్వాత ఇంకొకరు. కాసేపట్లో బస్సులో ఆడవాళ్ళందరూ పుట్టని మనిషి కోసం ఏడుస్తున్నారు. కండక్టరు నోరు తెరుచుకుని నిలబడ్డాడు. డ్రైవరు టోపీ ఎత్తి చూసి మళ్ళీ దించుకున్నాడు.

"సరే అత్తగారూ" అంది ఫోను. కారు తిరిగింది.

ఏనుగులు కూడా కదిలాయి. ఏడుపు ఆగింది.  వెనక సీటు ముసలావిడ ముక్కు తుడుచుకుని వేరుశనక్కాయలు వొలుచుకోవడం మొదలెట్టింది. 

మాయి రుంబి చెయ్యి చాచింది. "నా డాలరు నాకిచ్చెయ్. చచ్చినవాళ్ళెవరూ లేరుగా."

ఇచ్చింది. ఎలా తెలిసిందని అడిగింది. చావుకి వెళ్ళే కోడలి సంచిలో గిన్నె మోగుతుంది, గరిటె మోగుతుంది, నీ సంచిలో ఇనుము మోగుతోంది అంది ఆవిడ. మరి మీ గోత్రం సింహమా, ఈలండా అని అడిగింది ముచనేటా. ఆవిడ కిటికీలోంచి చూస్తూ చెప్పింది. మొగుడు పోయాక పుట్టింటికి వెళితే అన్నదమ్ములు ఇంట్లో చోటు లేదన్నారట. సరే, ఇంటితో పాటు గోత్రం కూడా మీరే ఉంచుకోండని వాళ్ళకి వదిలేసి వచ్చిందట. మొదటి ప్రయాణంలో సరిహద్దు దగ్గర ఒంటరిగా నిలబడితే, ఎవరి మనిషివి అని అడిగిన ప్రతి మగాడికీ జవాబు చెప్పలేక చచ్చిందట. అప్పట్నుంచి పక్కన కూర్చున్న ఆడమనిషిని ముందు గోత్రం అడుగుతుంది, తర్వాత తనది చెబుతుంది. జీబ్రా అంటే జీబ్రా, కోతి అంటే కోతి. అన్ని గోత్రాల పొగడ్తలూ నోటికొచ్చు. లుసాకా చెల్లెలు అలా దొరికిందే, మౌన్ కూతుళ్ళూ, బెయిరా అక్కా అందరూ బస్సుల్లో దొరికినవాళ్ళే. "రక్తం కలిసినవాళ్ళకన్నా టికెట్టు కలిసినవాళ్ళే నయం నాకు" అంది.

ముచనేటాకి నవ్వొచ్చింది, వెంటనే ఒళ్ళు మండింది. సొంత ఆడపడుచు కాని మనిషికి మూడు గంటలుగా ఊడిగం చేసిందా?

"మరి నాచేత ఇన్ని నారింజలు ఎందుకు వొలిపించుకున్నారు?"

"నేను అడిగానా?" అంది మాయి రుంబి. "నువ్వే వొలిచావు."

ముచనేటా వెనక్కి వెతుక్కుంది. మూటలు ఎక్కించమందా? లేదు. చోటు ఇమ్మందా? లేదు. టీ తెమ్మందా? టీ ఇష్టం లేదని కూడా ఒకసారి అంది. తనే వినిపించుకోలేదు. ఎవరూ చెప్పకుండానే మోకాళ్ళు వంగిపోయే మనిషిని కట్టేయడానికి తాడెందుకు, కారెందుకు. హ్వాంగే వచ్చింది, బొగ్గు వాసన వచ్చింది, వెళ్ళింది. ఆమె ఆ ఊరివైపు చూడలేదు. ఆ దారంతా ఆమె చేతులు ఒళ్ళో ఊరికే ఉన్నాయి, వాటికి ఏమీ తోచలేదు.

మూడు దాటాక నది ఒడ్డున, జలపాతం ఉన్న సరిహద్దు ఊళ్ళో దిగారు. మాయి రుంబి దారి వేరు, బోట్స్వానా వైపు. మూటలు దించుకుంది, తనే. నారింజల మీద కన్నేసిన కోతిని చెప్పుతో అదిలించి, గట్టు మీద కూర్చుని, సంచిలో మిగిలిన ఒకే ఒక్క పండు తీసి వొలిచింది. సగం ముచనేటా చేతిలో పెట్టింది. ఫోను నంబరు ఆమెకి చెప్పి, మళ్ళీ చెప్పించుకుంది.

"ఇవాళ్టి అబద్ధం నాది. అది నదిదాకే వస్తుంది" అంది లేస్తూ. "అవతల నీకేం కావాలో నువ్వే చూసుకో. ఏ బస్సులోనైనా నేను కనపడితే మాత్రం, ఈసారి ముందు నువ్వే నన్ను, మీ గోత్రమేమిటని అడుగు."

ఆవిడ వెళ్ళాక భయం మళ్ళీ వచ్చింది, వంతెన మీద ఇంకా ఎక్కువైంది. పాస్‌పోర్టు మీద ఇవతలి ముద్ర పడింది. సంచి భుజానికి తగిలించుకుని నడిచింది. కింద నది ఎంత లోతులో ఉందో చూడలేదు. తుంపర మొహాన కొడుతోంది, తలకి కట్టిన రుమాలు తడిసిపోయింది. అటునుంచి సైకిళ్ళ మీద సరుకు తోసుకొస్తున్న వాళ్ళు ఆమె నల్ల గుడ్డ చూసి పక్కకి తప్పుకుంటున్నారు. సగం దూరం వచ్చేసరికి ఫోను మోగింది.

ఇల్లు చేరాడట. గొంతు మెత్తగా ఉంది, పొగడ్త ఇంకా దిగలేదు. మీ పెద్దావిడ మర్యాద తెలిసిన మనిషి అన్నాడు. మేకని అక్క తోలుకుపోయింది అన్నాడు. నీలం చొక్కా కాలరు సరిగా రాలేదు, మళ్ళీ ఇస్త్రీ ఎవరు చేస్తారన్నాడు. తర్వాత, "అన్నట్టు పోయినావిడ పేరేమిటి? చర్చిలో ప్రార్థన చేయించాలంటోంది అక్క" అన్నాడు.

పేర్లు చాలా వచ్చాయి నాలుక మీదికి. రెవాయి, సెకెసాయి, ఏదైనా సరే. ఒక్క పేరు చెబితే ఆరు వారాలు గడుస్తాయి. ఆరు వారాలయ్యాక ఇంకొకర్ని చంపాలి. ఆ తర్వాత ఇంకొకర్ని. పుట్టింటివాళ్ళంతా అయిపోయేదాకా.  ఫోను జారి నదిలో పడుతుందేమోనని రెండు చేతులతో పట్టుకుంది. మోకాళ్ళు వంగబోయాయి. వంతెన ఇనుపకమ్మీకి నడుము ఆనించి వాటిని నిలబెట్టింది. ఆయన "వినపడుతోందా?" అంటున్నాడు.

"ఎవరూ చావలేదు, జెఫన్యా," అంది. "నేను పనికి వెళ్తున్నాను."